శునకమునకు హితాహారము – మితవ్యయము

ఆహారమే ప్రథమౌషధమని నమ్మిన మన గృహములలో సైతము, వాకిట కావలి కాయు కుక్కకు పెట్టు ముద్దను గూర్చి ఆలోచించువారు అరుదు. కొందరు మిగిలినది పెట్టుదురు. మరికొందరు ప్రేమాధిక్యముచే తాము తినునదెల్ల పెట్టుదురు. ఈ రెండును దోషములే. మొదటిది ఆ ప్రాణిని క్రమముగా కృశింపజేయును. రెండవది ఒక్కొక్కప్పుడు ప్రాణమునే హరించును.

గృహవైద్యమును శ్రద్ధతో ఆచరించు పాఠకులు మరింత జాగ్రత్త వహింపవలెను. మనుష్యునికి మేలుచేసిన ద్రవ్యము కుక్కకును మేలుచేయునని తలచి, క్రిములు పడినవని వెల్లుల్లిని, నీరసముగా నున్నదని ఎండుద్రాక్షను పెట్టువారు కలరు. ఇది ఎంత ప్రమాదకరమో ముందు వివరింతును.

భుజించునది ఎవరు?

చరక సంహిత విమానస్థానము ప్రథమాధ్యాయమున, ఆహారమును నిర్ణయించుటకు ఎనిమిది విషయములు చెప్పబడినవి. అవి ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త. అనగా ద్రవ్యస్వభావము, వండు విధము, కలయిక, పరిమాణము, ప్రదేశము, సమయము, భుజించు నియమము, భుజించువాడు. ఎనిమిదవదైన ఉపయోక్తను మరచినచో తక్కిన ఏడును వ్యర్థములగును. మన పెద్దలు గజములకు హస్త్యాయుర్వేదమును, అశ్వములకు శాలిహోత్ర శాస్త్రమును వేరువేరుగా ఏర్పరచుట ఇందులకే. మనుష్యుని పథ్యము ఏనుగునకు చెల్లదు, కుక్కకును చెల్లదు.

కుక్క దంతములు చీల్చుటకు తగినవే గాని నమలి పిండి చేయుటకు తగినవి కావు. దాని లాలాజలము పిండిపదార్థమును అరిగింపజాలదు. ఆ పని చిన్నప్రేగులలోనే జరుగవలెను. అయినను మానవుని చెంత వేల ఏండ్లు బ్రతుకుటచే కుక్కకు ధాన్యమును జీర్ణించుకొను శక్తి తోడేలుకంటె హెచ్చినదని 2013లో జన్యుపరిశోధకులు నిరూపించిరి. కావున మెత్తగా ఉడికిన అన్నము దానికి నిషిద్ధము కాదు. అన్నము మాత్రమే పెట్టుట దోషము.

పెరుగన్నము చాలునా?

పదునైదు కిలోల బరువుగల సాధారణపు ఊరకుక్కను ఉదాహరణముగా తీసికొందము. పెరుగుదల పూర్తియై, ఇంటిపట్టున తిరుగుచుండు అట్టి కుక్కకు దినమునకు సుమారు 850 కెలోరీల శక్తియు, కనీసము 38 గ్రాముల మాంసకృత్తులును, సుమారు 1 గ్రాము కాల్షియమును అవసరము.

200 గ్రాముల బియ్యము వండి, పావుకిలో పెరుగు కలిపి రెండు పూటలా పెట్టితిమనుకొనుడు. శక్తి సరిగా 850 కెలోరీలకు చేరును. మాంసకృత్తులు మాత్రము 22 గ్రాములు దాటవు. కాల్షియము కావలసినదానిలో మూడవవంతే లభించును. కడుపు నిండును గాని ధాతువులు నిండవు. రోమము గరుకెక్కి రాలుట, వెన్నుమీది కండ కరగుట, పిల్లలకు కాళ్ళు వంకరపోవుట ఇట్టి లోపముల ఫలితములు. కుక్క చర్మము ఎండవలన తగినంత డి విటమినును తయారుచేసికొనజాలదు గనుక, పిల్లను ఎండలో తిప్పినంతమాత్రమున ఎముకలు గట్టిపడవు. అదియు ఆహారమునుండియే రావలెను.

కేవలము మాంసమే పెట్టుటయు పొరపాటే. మాంసమున ఫాస్ఫరస్ అధికము, కాల్షియము అత్యల్పము. ఆ వ్యత్యాసమును సరిచేయుటకై దేహము తన ఎముకలనుండియే కాల్షియమును లాగుకొనును.

ఒక దినపు ఆహారము

పై 15 కిలోల కుక్కకు ఈ క్రింది కూర్పు తగియుండును. బరువులన్నియు వండకమునుపటివి.

బియ్యము 125 గ్రాములు, ఎముకలేని కోడిమాంసము లేదా కందనకాయలు 180 గ్రాములు, కార్జము 20 గ్రాములు, కోడిగ్రుడ్డు ఒకటి, గుమ్మడి, సొర, క్యారెట్, బీన్స్ వంటి కూరలు 75 గ్రాములు, నూనె రెండు చెంచాలు, గ్రుడ్డుపెంకు పొడి అరచెంచా. ఉప్పుకారములు లేక అన్నిటిని మెత్తగా ఉడికించి, గోరువెచ్చగా రెండు పూటలకు పంచవలెను.

కందనకాయలు కండమాంసముకంటె చౌకగా లభించుచోట వానినే వాడవచ్చును. కార్జము బలకరమని మోతాదు మించరాదు. అందలి ఎ విటమిను దేహమున పేరుకొని హాని చేయును. గ్రుడ్డుపెంకులను ఉడికించి, ఎండించి, మెత్తగా నూరి జల్లించిన చాలును. మన వైద్యమున కుక్కుటాండత్వగ్భస్మము ప్రసిద్ధమే గాని ఇచట భస్మము చేయ పనిలేదు.

శాకాహార గృహములలో 100 గ్రాముల బియ్యము, 50 గ్రాముల పెసరపప్పు, నానబెట్టి ఉడికించి పిండిన సోయా మీల్‌మేకర్ 50 గ్రాములు (ఎండు తూకము), పెరుగు 150 గ్రాములు, నూనె చెంచాన్నర కూర్చినచో మాంసకృత్తులు 50 గ్రాముల వరకు లభించును. కాల్షియమును, బి12, డి విటమినులను వేరుగా చేర్చితీరవలెను. గ్రుడ్డు పెట్టుటకు అభ్యంతరము లేనివారికి పని సులభమగును.

పై రెండు కూర్పులును సంపూర్ణములని భావింపరాదు. 2013లో అమెరికాలోని డేవిస్ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యులు, గ్రంథములలోను ఇతరత్రను ప్రకటితమైన 200 ఇంటివంటకములను పరీక్షింపగా, 95 శాతము వంటకములలో ఏదో ఒక అవసర పోషకము కొరవడినట్లు తేలినది. జింకు, అయొడిన్, విటమినులు మొదలగువాని కొరతను తీర్చు ఖనిజలవణ మిశ్రమమును పశువైద్యుని అడిగి ప్రతిదినము కలుపవలెను. మాంసమున చేయు పొదుపు చెల్లునేమో గాని ఈ మిశ్రమమున చేయు పొదుపు చెల్లదు.

సంచి ఆహారము కొనునపుడు

వండుటకు తీరిక లేనివారు తయారైన ఆహారమును కొనుట తప్పు కాదు. అయితే కిలో ధరను చూచి మోసపోరాదు. దినమునకు ఎంత ఖర్చగునో చూడవలెను. పొడి ఆహారమున 100 గ్రాములకు సుమారు 350 కెలోరీలుండును. ఆ లెక్కన మన 15 కిలోల కుక్కకు దినమునకు 240 గ్రాములు చాలును. 10 కిలోల సంచి నలువది దినములు వచ్చును. సంచి ధరను నలువదిచేత భాగించిన ఒక దినపు ఖర్చు తెలియును. దానిని ఇంటివంట ఖర్చుతో పోల్చి నిర్ణయించుకొనుడు.

డబ్బాలోని తడి ఆహారమున నూటికి 75 నుండి 80 పాళ్ళు నీరే. కావున సంచిమీద 22 శాతమనియు, డబ్బామీద 8 శాతమనియు మాంసకృత్తులు వ్రాసియున్నను, నీటిని తీసివేసి లెక్కించినచో డబ్బాయే హెచ్చు కావచ్చును. నీరు తీసిన లెక్కలో పెద్దకుక్కకు 18 శాతము, పిల్లకు 22.5 శాతము తగ్గరాదు. ‘సంపూర్ణాహారము’ అని వ్రాసియున్నదో, చిరుతిండి మాత్రమేనో చదువవలెను. సంపూర్ణాహారము పెట్టుచున్న పిల్లకు అదనముగా కాల్షియము పోయరాదు. పెద్దజాతి పిల్లలకు అది ఎముకల వికారమును తెచ్చును. విడిగా తూచి అమ్ము సరకున తయారీ తేది తెలియదు గనుక దానిని మానుట మేలు.

మనకు హితము, దానికి విషము

ఉల్లి: కిలో దేహభారమునకు 15 నుండి 30 గ్రాముల ఉల్లి తిన్నచో కుక్క రక్తకణములు చెడును. దినదినము కొద్దికొద్దిగా తిన్నను హానియే. వండినను, ఎండించినను, పొడి చేసినను ఆ గుణము పోదు. వెల్లుల్లియు అదే కుటుంబమునకు చెందినది. కాశ్యప సంహితలో లశునమునకు ప్రత్యేకాధ్యాయమే కలదు. అది మనుష్యునికై చెప్పినదని మరువరాదు.

ద్రాక్ష, కిస్మిస్: మనకు ఉత్తమ ఫలము. కుక్కకు మూత్రపిండములను చెరుపును. 2022లో ప్రకటితమైన ఒక పరిశీలనలో చింతపండు తిన్న కుక్కలకును అట్టి మూత్రపిండ వ్యాధియే కలిగినట్లు పశువైద్యులు వ్రాసిరి. రెంటిలోను గల టార్టారిక్ ఆమ్లమే కారణము కావచ్చునని వారి అభిప్రాయము. పులుసు, చారు, పులిహోర లేని తెలుగిల్లు ఉండదు గనుక ఈ విషయము మనకు మిక్కిలి ముఖ్యము.

చాక్లెట్, చక్కెరలేని మిఠాయిలలోని జైలిటాల్, బూజుపట్టిన వేరుసెనగ, ధాన్యములు, ఉడికిన ఎముకలు కూడ నిషిద్ధములు. ఉడికిన ఎముక చీలికలై ప్రేగును గ్రుచ్చును. పండుగనాటి నూనెవంటలు క్లోమమునకు వాపు తెచ్చును. జ్వరమునకు మనము వాడు పారాసిటమాల్ బిళ్ళను సొంతముగా ఎన్నడును వేయరాదు.

వీని నివారణకు ఖర్చులేని ఉపాయమొకటి కలదు. తాలింపు, ఉల్లి, పులుసు, ఉప్పుకారములు చేరకమునుపే దాని వంతు అన్నమును, పప్పును, కూరను తీసి వేరుగా ఉంచవలెను. ఎంగిలి పెట్టుటకును, వంతు పెట్టుటకును గల భేదమిదియే.

కాలము, మాత్ర

పాలు మరచిన పిల్లకు నాలుగు మాసముల వరకు దినమునకు నాలుగు పర్యాయములు, ఆరు మాసముల వరకు మూడు పర్యాయములు, ఆపై రెండు పూటలు పెట్టవలెను. వేసవిలో ఉదయము చల్లగా నున్నపుడును, ప్రొద్దు గ్రుంకిన పిదపను పెట్టి, మిగిలినదానిని అరగంటలో తీసివేయవలెను. మంచినీరు ఎల్లవేళల ఉండవలెను. ఆహారమును మార్చునపుడు ఏడు దినములలో క్రమముగా మార్చవలెను.

మాత్ర సరియైనదో కాదో తెలిసికొనుటకు ప్రక్కటెముకలపై అరచేయి ఆనించి చూడుడు. ఎముకలు తేలికగా తగులవలెను, కాని కంటికి స్ఫుటముగా కనబడరాదు. తగులకున్న మాత్ర తగ్గింపుడు. పొడుచుకొని కనబడిన హెచ్చింపుడు.

చిగుళ్ళు పాలిపోవుట, మూత్రము నల్లని ఎరుపుగా వచ్చుట, ద్రాక్ష గాని చింతపండు గాని తిన్నపిమ్మట వాంతులగుట, మూత్రము తగ్గుట కనబడినచో గృహచికిత్సలతో కాలయాపన చేయక ఆ దినమే పశువైద్యశాలకు కొనిపోవలెను. తిన్నదేమో, ఎంత తిన్నదో చెప్పినచో వైద్యునికి సగము పని తగ్గును. నిషిద్ధ పదార్థము తిన్నదని తెలిసినచో లక్షణములు కనబడువరకు ఆగనక్కరలేదు, వెంటనే బయలుదేరవలెను.