తాత దివాలా.. మనవడు బ్యాంకు పెట్టాడు: స్విస్ రాజధనం వెనకున్న ఎషర్ ఫ్యామిలీ కథ ఇదీ!

స్విట్జర్లాండ్ అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే. ఒకటి సినిమా డ్యూయెట్లలో కనిపించే మంచు కొండలు, రెండోది స్విస్ బ్యాంకులు. ఆ బ్యాంకుల్లో పెద్ద పేరున్న క్రెడిట్ సూయిస్ 2023 మార్చిలో ఒక్క వీకెండ్‌లో చేతులెత్తేసింది. పోటీ బ్యాంకు యూబీఎస్ దాన్ని 300 కోట్ల స్విస్ ఫ్రాంకులకు కొనేసింది. 167 ఏళ్ల చరిత్ర అలా ముగిసింది. ఆ బ్యాంకును పెట్టిన పెద్దాయన విగ్రహం మాత్రం జ్యూరిచ్ మెయిన్ రైల్వే స్టేషన్ ముందు ఇప్పటికీ ఉంది. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ ఎషర్.

ఇంతకీ ఎవరీ ఎషర్లు?

వీళ్లది ప్యాట్రిషియన్ ఫ్యామిలీ. అంటే రాజవంశం కాదు, మన జమీందారీ లాంటిదీ కాదు. అప్పట్లో స్విస్ నగరాలకు రాజులు లేరు. కానీ కౌన్సిల్ సీట్లు, మేయర్ పదవులు, పెద్ద వ్యాపారాలు కొన్ని ఇళ్ల మధ్యే తిరిగేవి. తండ్రి తర్వాత కొడుకు, మామ తర్వాత అల్లుడు. రాజులు లేరన్న మాటే గానీ, వారసత్వం మాత్రం గట్టిగానే నడిచింది. కైజర్‌స్టుల్ అనే చిన్న ఊరి నుంచి 14వ శతాబ్దం చివర్లో జ్యూరిచ్ వచ్చిన ఎషర్లు ఇలాగే ఎదిగారు. పట్టు, వస్త్ర వ్యాపారం చేశారు, మేయర్లయ్యారు.

ఈ వంశంలో రకరకాల మనుషులు కనిపిస్తారు. హాన్స్ కాన్రాడ్ ఎషర్ (1767-1823) అనే ఆయన లింత్ నది వరదలతో, మలేరియాతో అల్లాడిన లోయను బాగుచేశారు. 1807లో పనులు మొదలుపెట్టి, కాలువ తవ్వించి నదిని వాలెన్ సరస్సులోకి మళ్లించారు. అందుకే ఆయన ఇంటిపేరు పక్కన 'లింత్' చేరింది. ఇంకో ఎషర్ 1805లో ఎషర్ వైస్ కంపెనీ పెట్టారు. స్పిన్నింగ్ మెషీన్లతో మొదలై స్టీమర్లు, టర్బైన్ల దాకా వెళ్లింది. జ్యూరిచ్‌లో ట్రాములు కలిసే ఒక కూడలికి ఇప్పటికీ ఆ పేరే.

అసలు కథ మాత్రం ఆల్ఫ్రెడ్ ఇంట్లోనే ఉంది.

ఆల్ఫ్రెడ్ తాత హాన్స్ కాస్పర్ 1780ల చివర్లో స్పెక్యులేషన్‌లో దివాలా తీశారు. ఆయనను నమ్మి డబ్బు పెట్టిన జ్యూరిచ్ పెద్దిళ్లు కూడా మునిగాయి. ఆయన ఊరొదిలి రష్యా వెళ్లిపోయారు. కొడుకు హెన్రిక్ అమెరికాలో భూములు, సరుకుల వ్యాపారంతో బాగా సంపాదించి 1814లో తిరిగొచ్చారు. సరస్సు ఒడ్డున బెల్వార్ అనే పెద్ద భవంతి కట్టారు. పురుగులు, సీతాకోకచిలుకలు సేకరించడం ఆయన సరదా. అయినా ఊళ్లో పాత కుటుంబాలు ఆ ఇంటిని దగ్గరకు రానివ్వలేదు. తండ్రి ముంచిన డబ్బు ఎవరూ మర్చిపోలేదు మరి!

ఇక్కడే ఇంకో విషయం చెప్పుకోవాలి. హెన్రిక్ తమ్ముడికి క్యూబాలో కాఫీ తోట ఉండేది. అందులో పనిచేసింది 80 మందికి పైగా బానిసలు. 1845లో తమ్ముడు చనిపోవడంతో ఆ ఆస్తి హెన్రిక్‌కు వచ్చింది. దాన్ని అమ్మే లావాదేవీల్లో యువకుడైన ఆల్ఫ్రెడ్ కూడా పాలుపంచుకున్నారు. బానిసల సొమ్ము అంటూ అప్పట్లోనే ఆరోపణలొస్తే కుటుంబం ఖండించింది. 2017లో ఒక చరిత్రకారుడి పరిశోధనతో తోట వివరాలు మళ్లీ బయటకొచ్చాయి. స్విట్జర్లాండ్‌కు కాలనీలే లేవు కదా, బానిసత్వంతో మాకేం సంబంధం అనే వాదన అక్కడ చాలాకాలం నడిచింది. ఈ ఒక్క కాఫీ తోట చాలు, ఆ వాదన ఎంత బలహీనమో తెలియడానికి.

ఆల్ఫ్రెడ్ స్పీడు మామూలుది కాదు. 1848లో ఆధునిక స్విస్ పార్లమెంటు ఏర్పడినప్పటి నుంచి చనిపోయేదాకా ఎంపీనే. 1853లో రైల్వే కంపెనీ. తర్వాత ఐన్‌స్టీన్ చదువుకున్న జ్యూరిచ్ పాలిటెక్నిక్ 1855లో మొదలవడం వెనక కూడా ఆయన ఉన్నారు. రైల్వేలకు డబ్బు కావాలి, విదేశీ బ్యాంకుల మీద ఆధారపడటం ఇష్టం లేదు. అందుకే 1856లో సొంతంగా బ్యాంకు పెట్టారు. అదే తర్వాత క్రెడిట్ సూయిస్ అయింది. 30 లక్షల ఫ్రాంకుల షేర్లు పబ్లిక్‌కు పెడితే, మూడు రోజుల్లో 21.8 కోట్లకు దరఖాస్తులొచ్చాయి. ఇప్పటి ఐపీవో భాషలో 70 రెట్లకు పైగా ఓవర్‌సబ్‌స్క్రైబ్ అన్నమాట. తాత వల్ల డబ్బు పోగొట్టుకున్న ఊరే మనవడి కోసం క్యూ కట్టింది.

రాజకీయం, రైలు, బ్యాంకు అన్నీ ఒకే మనిషి చేతిలో ఉంటే వ్యతిరేకత రాకుండా ఉంటుందా? 1860ల్లో జ్యూరిచ్‌లో ప్రజాస్వామ్య ఉద్యమం లేచింది. 1869లో కొత్త రాజ్యాంగం వచ్చింది. దాంతో 'ఎషర్ సిస్టమ్'కు పెద్ద దెబ్బే తగిలింది.

ఆ తర్వాత గోథార్డ్ ప్రాజెక్టు. ఆల్ప్స్ కొండల కింద 15 కిలోమీటర్ల రైలు సొరంగం. 1875లో గోషెనెన్ దగ్గర కార్మికులు సమ్మె చేస్తే కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. ఖర్చు అంచనాలు దాటడంతో 1878లో ఆల్ఫ్రెడ్ కంపెనీ పదవి నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. తప్పుకోమని ఒత్తిడి తెచ్చింది కేంద్ర ప్రభుత్వంలోని సీనియర్ నేత ఎమిల్ వెల్టి. 1880లో రెండు వైపుల తవ్వకం కలిసిన రోజు ఆల్ఫ్రెడ్‌కు పిలుపు కూడా రాలేదు. 1882లో లైను ప్రారంభమైంది. అనారోగ్యంతో వెళ్లలేకపోయారు. అదే ఏడాది డిసెంబర్‌లో కన్నుమూశారు.

మరి ఆస్తి?

మొత్తం ఒక్కగానొక్క కూతురు లిడియాకు వచ్చింది. చిన్నప్పుడే తల్లి పోవడంతో ఇంటిని, తండ్రి ఉత్తరాలను ఆమే చూసుకునేది. 1883లో ఆమె పెళ్లి చేసుకున్నది ఎవరినో తెలుసా? తండ్రిని తప్పించిన ఆ ఎమిల్ వెల్టి కొడుకునే.

1889లో లిడియా చిత్రకారుడు కార్ల్ స్టౌఫర్‌తో ఫ్లోరెన్స్ నుంచి రోమ్ వెళ్లిపోయింది. వెల్టి కుటుంబం పలుకుబడి వాడింది, రోమ్‌లోని స్విస్ రాయబార కార్యాలయం కదిలింది. స్టౌఫర్‌ను జైల్లో పెట్టారు. లిడియాను మానసిక వైద్యశాలలో చేర్చారు. ఆమె నెలల తరబడి అక్కడే ఉంది. 1890లో ఇటలీ డాక్టర్లు పరీక్షించి ఆమె మానసికంగా ఆరోగ్యంగానే ఉందని రిపోర్టు ఇచ్చారు. దేశంలోనే అత్యంత ధనవంతుల్లో ఒకరైన మహిళ పరిస్థితి ఇది!

విడాకుల తర్వాత లిడియా జెనీవాలో ఒంటరిగా బతికింది. 1891 జనవరిలో స్టౌఫర్ చనిపోయారు. డిసెంబర్‌లో ఆమె కూడా ప్రాణం తీసుకుంది. వయసు 33 ఏళ్లు.

అంతకు ముందే, 1890లో, లిడియా తన ఆస్తిలో ఎక్కువ భాగాన్ని దేశానికి రాసిచ్చింది. తండ్రి స్నేహితుడైన కవి గాట్‌ఫ్రీడ్ కెల్లర్ పేరు పెట్టిన ఆ ఫౌండేషన్ ఇప్పటికీ నడుస్తోంది. స్విస్ కళాఖండాలు కొని మ్యూజియంలకు ఇస్తోంది. కళలు, చేతిపనుల రంగంలోనైనా మహిళలు సొంత కాళ్ల మీద నిలబడేలా సాయం చేయాలన్నది ఆమె కోరిక. ఆ క్లాజు మాత్రం ఫౌండేషన్ పత్రాల్లోకి ఎక్కలేదు.

బెల్వార్ ఇప్పుడు పబ్లిక్ పార్కు. ఆ భవంతిలో హోటల్ మేనేజ్‌మెంట్ స్కూల్ నడుస్తోంది. తండ్రి విగ్రహం 1889లోనే స్టేషన్ ముందు పెట్టారు. లిడియా పేరు జ్యూరిచ్‌లో ఒక చోటికి రావడానికి మాత్రం వందేళ్లకు పైగా పట్టింది. అది నగరంలోని ఆర్ట్ మ్యూజియం పక్కనున్న చిన్న ఆవరణ.