ఠాణా గోడ నుంచి టెక్సాస్ బేరానికి

ఒంగోలు, గుంటూరు కాలేజీల్లో ఎన్‌సీసీ చేసిన పాతతరం వారికి త్రీనాట్‌త్రీ (.303) రైఫిలు పేరు వినగానే ముందు భుజం గుర్తొస్తుంది. దాదాపు 4 కిలోల కర్రా ఇనుమూ మోస్తూ ఎండలో కవాతు చేస్తే, పేలని తుపాకీ కూడా నొప్పి పుట్టిస్తుందని అప్పుడే తెలిసేది. పోలీసు స్టేషన్లో గొలుసు వేసి వరసగా నిలబెట్టినవీ, పోలింగు రోజున కానిస్టేబుల్ భుజాన వేలాడినవీ అవే. ఆ రైఫిలూ, దాని వారసుడూ ఇప్పుడు అమెరికాలో సరదా షూటర్ల మధ్య చేతులు మారుతున్నాయి. ఒకరు రష్యా రైఫిలు ఇచ్చి మన ఇషాపూర్ రైఫిలు పట్టుకెళతారు. ఇంకొకరు ఇషాపూర్‌ది ఇచ్చి, పైన కొంత ఎదురుకట్టి స్విట్జర్లాండుది తెచ్చుకుంటారు.

సైన్యానికి కొత్త తుపాకీ వచ్చిన ప్రతిసారీ పాతవి లక్షల్లో మిగిలిపోతాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జరిగింది అదే. తూటా తూటాకీ చేత్తో బోల్టు లాగాల్సిన రైఫిళ్లను పక్కనపెట్టి, వాటంతటవే లోడయ్యే రకాలకు దేశాలన్నీ మళ్లాయి. పాతవాటికి చిక్కటి గ్రీజు పట్టించి పెట్టెల్లో దాచారు, తర్వాత టోకున అమ్మేశారు. సోవియట్ యూనియన్ కూలాక మోసిన్-నాగంట్ రైఫిళ్లు అమెరికా బజారు మీద అలాగే వచ్చి పడ్డాయి. అది 1891 నాటి నమూనా, తయారైనవి 3 కోట్లకు పైమాటే. 2000 తర్వాత కొన్నేళ్ల పాటు అక్కడ ఒక్కోటి 100 డాలర్ల లోపే దొరికేది. మంచి బూట్లకు కూడా అంతకన్నా ఎక్కువ పెట్టాలి! ఆ పెట్టెలు ఖాళీ అయ్యాయి, ధర కొన్ని రెట్లు పెరిగింది. కొత్త సరుకు రాని చోట బేరం సహజంగానే మారకం దారి పడుతుంది. ఉన్నది ఇచ్చి లేనిది తెచ్చుకోవడమే మిగిలింది.

ఈ బేరాల్లో మనదైన సరుకు ఒకటుంది. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ బ్రిటిష్ కాలం నుంచీ .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లు చేసేది. 1962లో చైనాతో యుద్ధం వచ్చేనాటికి మన జవాన్ల చేతుల్లో ఉన్నవి చాలావరకు ఆ పాత రైఫిళ్లే. 7.62 మిల్లీమీటర్ల కొత్త తూటాతో, తనంతట తానే లోడయ్యే ఎస్ఎల్ఆర్ రైఫిలు తయారీ మొదలవుతున్నా, అందరికీ అందడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో ఆదుకోవడానికి ఇషాపూర్ ఇంజినీర్లు లీ-ఎన్‌ఫీల్డ్ నమూనానే తీసుకుని, మరింత గట్టి ఉక్కుతో, కొత్త తూటాకు సరిపడేలా 2ఏ రైఫిలు చేశారు. తర్వాత వచ్చిన 2ఏ1లో గురి పట్టీ మీద 2000 అంకె పోయి 800 మీటర్లు వచ్చింది. పాత .303తో పోలిస్తే మ్యాగజైను నలుపలకలుగా మారి 10కి బదులు 12 తూటాలు పట్టింది. బోల్టు రైఫిళ్ల కాలం చెల్లిపోయాక, సాధారణ సిపాయి కోసం రూపుదిద్దిన ఆఖరి బోల్టు రైఫిళ్లలో ఇదొకటి. 1970ల నడుమ దాకా తయారైంది. వాటిలో కొన్ని మిగులు సరుకుగా సముద్రం దాటాయి.

పాత .303కే గొట్టం మార్చి 2ఏ1 చేశారన్న అపోహ కొనేవాళ్లలో ఇప్పటికీ పోలేదు. నిజానికి దాన్ని 7.62 కోసమే కొత్తగా చేశారు. పట్టు దగ్గరి ఇనుప చుట్టు మీద సింహాల ముద్ర, ఫ్యాక్టరీ పేరు చెప్పే ఆర్ఎఫ్ఐ అక్షరాలు, తయారైన సంవత్సరం, 2ఏ1 అన్న గుర్తు కనిపిస్తాయి. అవి చదవడం వచ్చినవాడు మోసపోడు.

మారకంలో అసలు పని ఇక్కడే. ఒంగోలు గిత్తను కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్లు చూసినట్టు, రైఫిలు మార్చుకునేవాడు గొట్టం నోరు చూస్తాడు. ఖాళీ రైఫిలే అని రూఢి చేసుకుని, విడి తూటాను తలకిందులుగా గొట్టం మూతిలో పెడతాడు. తూటా మొన కొంత దూరం దిగి ఆగితే గొట్టం బతికే ఉన్నట్టు. ఇత్తడి అంచు దాకా మునిగిపోతే మూతి అరిగిపోయిందని అర్థం. తర్వాత దీపం వెలుగులో లోపలి మెలికలు చూస్తాడు. బోల్టు మీది అంకె, రైఫిలు మీది అంకె ఒకటేనా కాదా అన్నది ఇంకో పరీక్ష. రెండూ ఒకటైతే ధర పెరుగుతుంది. వేరైతే, తూటా కూర్చునే చోట ఖాళీ సరిగ్గా ఉందో లేదో గేజీ పెట్టి చూడకుండా పేల్చకూడదు. ఇక డీపీ అని ముద్ర ఉంటే అది కవాతు తుపాకీ, పేల్చడానికి పనికిరాదని అధికారులే పక్కన పడేసినది. మన ఎన్‌సీసీ కుర్రాళ్లు మోసినవి అవే. చవగ్గా వస్తోందని అలాంటిది తెచ్చుకుని రేంజిలో పేల్చేవాడు ముఖంతో జూదమాడుతున్నట్టే.

తూటాల సంగతి కూడా బేరంలో భాగమే. మోసిన్ వదిలించుకునేవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి బోల్టు బిగుసుకుపోవడం, రెండోది తుడుపు. దాని పాత సైనిక తూటాల్లో మందును అంటించే ప్రైమరు గొట్టంలో ఉప్పులాంటి పొర వదులుతుంది. అది గాలిలో తేమ పీల్చుకుని ఇనుమును తినేస్తుంది. రేంజి నుంచి రాగానే వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. 7.62 నాటో తూటా సులువుగా దొరుకుతుంది కాబట్టి ఇషాపూర్ 2ఏ1 వైపు మొగ్గుతారు. అయితే దుకాణాల్లో దొరికే .308 వేట తూటా, నాటో తూటా కొలతల్లో దగ్గరివే అయినా అచ్చంగా ఒకటి కావు. అరవై ఏళ్ల రైఫిల్లో ఏది పెట్టాలన్నదాని మీద జాగ్రత్తపరులు ఒక మెట్టు వెనకే ఉంటారు, అదే మంచిది.

కొంతమందికి పేల్చడం కన్నా తవ్వడమే సరదా. స్విట్జర్లాండు కే31 రైఫిలు చేతికి రాగానే వాళ్లు గురి చూడరు, స్క్రూడ్రైవర్ తీస్తారు. భుజానికి ఆనే చివరన ఉన్న ఇనుప రేకు విప్పితే కొన్నింటిలో చిన్న కాగితం దొరుకుతుంది. ఆ రైఫిలు ఇంటికి తీసుకెళ్లిన సిపాయి పేరు, ఊరు, దళం దాని మీద రాసి ఉంటాయి. ఆ కాగితంతో పాటు ఇస్తేనే మారకం అని పట్టుబట్టేవాళ్లూ ఉన్నారు.

ఒంగోలు నుంచి వెళ్లి డాలస్ శివార్లలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు ఈ సరదాలో దిగాలనుకున్నాడనుకుందాం. అడ్డొచ్చేది డబ్బు కాదు, పాస్‌పోర్టులోని వీసా. హెచ్1బీ మీదా, విద్యార్థి వీసా మీదా ఉన్నవారు తుపాకీ ఉంచుకోవడం అమెరికా కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు వస్తే ఆ చిక్కు తీరుతుంది. అయినా అమెరికా సైన్యం పాత ఎం1 గరాండ్ రైఫిళ్లను అమ్మే సీఎంపీ సంస్థ దగ్గర పౌరసత్వం లేనివారికి తలుపు తెరుచుకోదు.

అర్హత వచ్చాక కూడా హద్దులున్నాయి. ఒకే రాష్ట్రంలో ఉండే ఇద్దరు మార్చుకోవడం కేంద్ర చట్టానికి సమ్మతమే. టెక్సాస్‌లో అంతటితో సరి. కాలిఫోర్నియా లాంటి చోట డీలరు దగ్గరికెళ్లి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి. రాష్ట్రం దాటితే లైసెన్సున్న డీలరు మధ్యలో ఉండాల్సిందే. 50 ఏళ్లు దాటిన తుపాకుల సేకర్తలకు మాత్రం వేరే లైసెన్సు ఉంది. మూడేళ్లకు 30 డాలర్ల రుసుము. ఇది ఉన్నవారు పాత రైఫిళ్లను పక్క రాష్ట్రం నుంచీ తెప్పించుకోవచ్చు, కాకపోతే వచ్చినదీ పోయినదీ పుస్తకంలో రాయాలి. ఆ లైసెన్సుతో లాభానికి వ్యాపారం చేస్తే కుదరదు.

ఒంగోలులో ఇదే సరదా కుదురుతుందా? కుదరదు. .303, 7.62 లాంటి సైన్యపు తూటాలు పేల్చగల రైఫిళ్లు మన నిబంధనల్లో నిషిద్ధ బోరు. కలెక్టరు ఇచ్చే మామూలు లైసెన్సు వాటికి వర్తించదు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే కవాతులో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు పలికారు కానీ, విరమించిన ఆ రైఫిలు సామాన్యుడి ఇంటికి రాలేదు. దానికి బదులుగా ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిలు చేసి అమ్ముతోంది. సాయుధ దళాల తూటా ఇందులో పట్టదు. బయటికి జారిన సైన్యం తూటా పౌరుడి తుపాకీలో పేలకూడదన్నది ఆ ఏర్పాటులోని కిటుకు.

మార్చుకోవడమూ తేలిక కాదు. లైసెన్సున్న ఇద్దరి మధ్య తుపాకీ చేతులు మారాలంటే, ఎవరికి ఇస్తున్నారో కలెక్టరుకో దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో ముందుగా రాసివ్వాలి, 45 రోజులు ఆగాలి. 2019 సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు దించింది. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్లకు చేరతాయి. పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఎన్నికల వేళ వాతావరణం తెలిసినవారెవరూ ఈ కట్టడిని అతి అనరు. గురి మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్లకు దారి మూసుకుపోలేదు. 4.5 మి.మీ. మించని, 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిలుతోనే.

అమెరికాలో రేంజికి వెళ్లే మనవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రేంజికి తీసుకెళ్లిన సంచీనే పండక్కి ఊరొచ్చేటప్పుడు వాడకండి. ప్రయాణికుల సామాన్లలో తూటా దొరికిన కేసులు మన విమానాశ్రయాల్లో అరుదేమీ కావు. లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా ఆయుధ చట్టం కింద కేసే, రుజువైతే 2 నుంచి 5 ఏళ్ల జైలు. తెలిసి ఉంచుకుంటేనే నేరమని సుప్రీంకోర్టు 1972 నాటి గున్వంత్‌లాల్ కేసులో చెప్పిన మాట ఉంది నిజమే. కానీ తెలియదని కోర్టులో తేలేలోపు తిరుగు ప్రయాణం టికెట్టూ, ఒక్కోసారి ఉద్యోగమూ పోతాయి. పెట్టె సర్దేముందు సంచీ జేబులన్నీ తిరగేసి దులపండి.