ఆకు చూసి పోల్చలేని చెట్టు

ఎల్మ్ అంటే చలిదేశాల చెట్టని మనలో చాలామంది అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అసలైన ఎల్మ్‌లను మన దేశంలో చూడాలంటే హిమాలయాల వైపు వెళ్ళాలి. అయితే ఆ కుటుంబానికే చెందిన చెట్టు ఒకటి ఎండలు మండే మైదానాల్లోనూ, ఛోటానాగపూర్ ఆకురాల్చే అడవుల్లోనూ పెరుగుతుంది. తెలుగులో దాన్ని నెమలినార అనీ నాలి అనీ అంటారు. జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్, కదమా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్ళకు మాత్రం ఇరుగుపొరుగు చెప్పే చిల్బిల్ అన్న పేరే ముందు వినపడుతుంది. దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్. 1795లో మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీన్ని నేరుగా ఎల్మ్ ప్రజాతిలోనే చేర్చాడు. 1848లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త ప్లాంషాన్ దీన్ని విడదీసి హోలోప్టీలియా అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. కుటుంబం మాత్రం మారలేదు.

చెట్టును పోల్చడానికి అందరూ ముందు ఆకునే పట్టుకుంటారు. నెమలినార విషయంలో ఆ అలవాటే దారి తప్పిస్తుంది. ఎల్మ్ ఆకుకు అంచున రంపపు పళ్ళుంటాయి, మొదలు ఒకవైపు ఎక్కువగా ఒకవైపు తక్కువగా ఒరిగి ఉంటుంది. నెమలినార ఆకు అంచు నున్నగా ఉంటుంది, మొదలు ఇంచుమించు సమంగా గుండ్రమౌతుంది. ఆకు ఒక్కటే చూసినవాడు ఇది ఎల్మ్ చుట్టమంటే నమ్మడు. చుట్టరికం కాయలో బయటపడుతుంది. చలికాలం చివర ఆకులన్నీ రాలిన కొమ్మల మీద కంటికి ఆనని చిన్న పూలు పూస్తాయి. ఆ తర్వాత అంగుళం వెడల్పున, గుండ్రంగా, కాగితమంత పలచటి రెక్క మధ్య ఒకే గింజతో కాయలు గుత్తులుగా వేలాడతాయి. ఆకుపచ్చగా ఉన్న ఆ గుత్తులను దూరం నుంచి చూస్తే లేత చిగురే అనిపిస్తుంది. ఎండాక వేసవి గాలికి ఎగిరిపోతాయి. లోపలి గింజ తినొచ్చు, పిల్లలకు ఆ సంగతి బాగా తెలుసు.

గుండ్రటి రెక్కకాయ వేగిసకూ ఎర్రచందనానికీ కూడా ఉంటుంది కదా అనవచ్చు. న్యాయమైన అభ్యంతరమే. కానీ అవి చిక్కుడు కుటుంబపు చెట్లు. వాటి కాయ మధ్యభాగం గట్టిగా ఉబ్బి ఉంటుంది, ఒక్కో ఈనెకు కొన్ని చిట్టాకులుంటాయి. నెమలినార కాయ పలచన, కొనదగ్గర చిన్న నొక్కు, ఆకు విడి ఆకు. మరి కాయల్లేని నెలల మాటేమిటి? అప్పుడు మరో రెండు ఆనవాళ్ళు కలిపి చూడాలి. ముదురు చెట్టు బూడిదరంగు బెరడు పెచ్చులుగా ఊడుతుంది, ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సినంత వాసన వస్తుంది. కానుగ ఆకు నలిపినా వాసనేస్తుంది కాబట్టి వాసన ఒక్కదాన్నే నమ్మకూడదు. కానుగకూ ఈనెకు చిట్టాకులే అని గుర్తుంటే ఆ చిక్కు తీరుతుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం పుప్పొడి గురించి. ఈ చెట్టు పూలు గాలి మీద ఆధారపడతాయి. దీని పుప్పొడి ఉబ్బసం, ముక్కు ఎలర్జీ ఉన్నవాళ్ళను ఇబ్బంది పెడుతుందని మన దేశపు వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. అందుకని నరికెయ్యాలనడం తొందరపాటు. పూత ఉండేది ఏడాదిలో కొద్ది వారాలే. నరకడం కన్నా నాటే చోటు చూసుకోవడం మేలు. తర్వాత జంషెడ్‌పూర్ అయిన కొత్త ఊళ్ళో వెడల్పాటి వీధులు వేసి నీడచెట్లు నాటాలనీ, వాటిలో ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరిగే రకమై ఉండాలనీ 1902లో పారిశ్రామికవేత్త జంషెట్జీ టాటా కొడుకుకు రాశాడు. త్వరగా పెరిగి, పడిన గింజకు తానే మొలకెత్తే నెమలినార ఆ సలహాకు బాగానే సరిపోతుంది. బడి కిటికీల పక్కన, ఆస్పత్రి ఆవరణలో కాకుండా దల్మా కొండల వైపు వెళ్ళే దారుల వెంట, పార్కుల అంచుల్లో నాటితే అటు నీడా దక్కుతుంది, ఇటు ఊపిరితిత్తులకూ పేచీ తగ్గుతుంది.