ఇల్లంతా శుద్ధమైన గాలి: యంత్రం కొనే ముందు వేయవలసిన లెక్క

చలికాలం మొదలయ్యేసరికి ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో ఎయిర్ ప్యూరిఫయర్లకు గిరాకీ పెరుగుతుంది. ఉద్యోగాల కోసం అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వాతావరణ వార్తలతో పాటు వాయు నాణ్యతా సూచీ, అంటే ఏక్యూఐ అంకె చూసుకోవడం కూడా అలవాటైపోయింది. హైదరాబాద్, విశాఖపట్నంలలో పరిస్థితి అంత తీవ్రంగా ఉండకపోవచ్చు. అయినా కొత్త విల్లాల బ్రోచర్లలో ‘ఇల్లంతటికీ శుద్ధమైన గాలి’ అనే మాట కనిపించడం మొదలైంది. ఇల్లంతటికీ ఒకే ఏర్పాటు సాధ్యమేనా? అందరికీ అది అవసరమా? పెట్టించుకున్న తర్వాత దాన్ని ఎలా చూసుకోవాలి?

మనం వడకట్టాలనుకుంటున్నది ప్రధానంగా పీఎం 2.5ని. 2.5 మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న ధూళి కణాలివి. ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్ళిపోతాయి. గాలిలో వీటి 24 గంటల సగటు ఘనమీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకంలో ఇదే పరిమితి 15. అంటే మన లెక్కలో గట్టెక్కిన రోజు కూడా ఆ సంస్థ లెక్కలో నాలుగు రెట్లు ఎక్కువే.

తలుపులు వేసుకుని ఏసీ పెట్టుకుంటే గాలి శుభ్రపడుతుందని చాలామంది అనుకుంటారు. స్ప్లిట్ ఏసీలో గోడ బయటి యూనిట్‌కీ గదిలోని యూనిట్‌కీ మధ్య రాగి గొట్టాల్లో తిరిగేది శీతలీకరణ ద్రవ్యమే తప్ప గాలి కాదు. గదిలో ఉన్న గాలినే అది మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. అందులోని వల నూలు పోగులను, కంటికి కనిపించే దుమ్మును ఆపుతుందే గానీ పీఎం 2.5ని ఆపలేదు.

జల్లెడ కాని వడపోత

ప్యూరిఫయర్లలో అసలు పని చేసేది హెపా ఫిల్టర్. దీన్ని జల్లెడలా ఊహించుకోవడం సహజమే కానీ సరికాదు. అడ్డదిడ్డంగా అల్లుకున్న అతి సన్నని గాజు లేదా ప్లాస్టిక్ పోగుల పొర ఇది. పోగుల మధ్య ఉండే సందులు చాలా కణాల కంటే పెద్దవే. మరి కణాలు ఎలా చిక్కుతాయి? గాలి ఒక పోగును చుట్టుకుని మలుపు తిరిగినప్పుడు బరువైన కణాలు ఆ మలుపు తిరగలేక నేరుగా వెళ్ళి పోగుకు కొట్టుకుంటాయి. మధ్యస్థంగా ఉన్నవి పోగును రాసుకుంటూ వెళ్ళి అంటుకుపోతాయి. మరీ చిన్నవి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడుతూ ఏదో ఒక పోగుకు తగిలి ఆగుతాయి. ఈ ఊగిసలాటనే బ్రౌనియన్ చలనం అంటారు. ఈ ఉచ్చులన్నిటి నుంచీ ఎక్కువగా తప్పించుకునేవి సుమారు 0.3 మైక్రాన్ల కణాలు. అందుకే హెపాకు పరీక్ష అక్కడే పెట్టి, 99.97 శాతం ఆపాలని నియమం పెట్టారు. ‘మా ఫిల్టర్ 0.01 మైక్రాన్ కణాన్ని కూడా పట్టుకుంటుంది’ అని ఎవరైనా గొప్పగా ప్రకటిస్తే, ఆ పరీక్ష హెపాకు సులువైనదని గుర్తుంచుకోవాలి. ‘హెపా టైప్’, ‘హెపా తరహా’ అనే మాటలకు ఏ ప్రమాణమూ లేదు. హెచ్ 13 వంటి శ్రేణి పేరు డబ్బా మీద ఉందేమో చూడండి.

అయితే ఫిల్టర్ ఎంత మంచిదైనా దాని గుండా చాలినంత గాలి వెళ్ళకపోతే ఉపయోగం లేదు. అందుకే కొనేటప్పుడు చూడవలసిన మొదటి అంకె సీఏడీఆర్. యంత్రం గంటకు ఎన్ని ఘనమీటర్ల శుద్ధమైన గాలిని ఇవ్వగలదో ఇది చెబుతుంది. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో సుమారు 41 ఘనమీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు ఆ గాలి వడపోతకు గురికావాలంటే సీఏడీఆర్ 205 దాకా ఉండాలి. కంపెనీలు ఇచ్చే అంకె ఫ్యాన్ అత్యధిక వేగంలో తిరిగినప్పటిది. ఆ మోతలో ఎవరూ నిద్రపోలేరు. రాత్రిపూట నిశ్శబ్దంగా నడిపితే అందులో చిన్న భాగమే దక్కుతుంది. కాబట్టి లెక్కకు వచ్చినదాని కంటే పెద్దది కొని, మధ్యస్థ వేగంలో నడుపుకోవడమే తెలివైన పని.

ఇంకో లెక్క దీనికంటే ముఖ్యం. బయట పీఎం 2.5 ఘనమీటరుకు 150 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. కిటికీలు మూసినా సందుల్లోంచి గంటకు గదికి సరిపడా గాలి ఒకసారి లోపలికి చొరబడుతుంది. యంత్రం గంటకు ఐదుసార్లు వడకడుతోంది. అప్పుడు లోపలి సాంద్రత బయటిదాంట్లో సుమారు ఆరో వంతుకు, అంటే 25కు దిగుతుంది. ఇప్పుడు కిటికీ తెరిచాం, గంటకు పదిసార్లు గాలి మారుతోంది. యంత్రం అదే వేగంతో తిరుగుతున్నా లోపల 100 దగ్గరే ఆగిపోతుంది. ఖరీదైన యంత్రం కొని బాల్కనీ తలుపు తీసిపెట్టుకున్న ఇళ్ళలో జరిగేది ఇదే. తలుపుల అంచులకు రబ్బరు పట్టీలు అంటించడం చవకైన పనే, కానీ ఫలితం పెద్దది.

ఇల్లంతటికీ ఒకే ఏర్పాటు

వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, పది అడుగుల ఎత్తు అనుకుంటే సుమారు 283 ఘనమీటర్లు. గంటకు ఐదు వడపోతలంటే 1,400 ఘనమీటర్ల గాలి కావాలి. మన ఇళ్ళలో ఎక్కువ భాగానికి గాలి గొట్టాలే లేవు కనుక, అక్కడ ‘ఇల్లంతా’ అంటే గదికొక యంత్రమే. అన్నీ ఒకేసారి కొనే స్తోమత లేకపోతే పడకగదితో మొదలుపెట్టండి. రోజులో మూడో వంతు కాలం మనం పీల్చేది ఆ గది గాలినే.

డక్ట్ ఏసీ ఉన్న ఇళ్ళలో తిరుగు గాలి మార్గంలో ఎంఈఆర్‌వీ 13 శ్రేణి ఫిల్టర్ పెట్టుకోవచ్చు. ఒక్క విడతలో ఇది 0.3 నుంచి 1 మైక్రాన్ కణాల్లో కనీసం సగాన్ని, 1 నుంచి 3 మైక్రాన్లవాటిలో కనీసం 85 శాతాన్ని ఆపుతుంది. గాలి పదేపదే తిరుగుతుంది కనుక ఇది చాలు. కానీ పలుచని ఫిల్టర్ పెడితే గాలికి అడ్డు పెరిగి, బ్లోయర్ శక్తి చాలక, కాయిల్ మీద మంచు పట్టే ప్రమాదం ఉంది. ఎక్కువ మడతలున్న మందమైన ఫిల్టర్ మేలు. దాన్ని పెట్టే ముందు ఆ బ్లోయర్ ఎంత ఒత్తిడిని తట్టుకోగలదో అమర్చేవారి చేత కొలిపించండి. చట్రం చుట్టూ సందు ఉంటే గాలి తేలికైన ఆ దారినే ఎంచుకుంటుంది. అన్నిటికీ మించి ఒక చిక్కు ఉంది: ఉత్తరాదిన గాలి అత్యంత చెడ్డగా ఉండే డిసెంబరు, జనవరి నెలల్లో ఎవరూ ఏసీ వేయరు. ఫ్యాన్ మాత్రమే నడిచే అమరికలో పెట్టకపోతే ఆ ఫిల్టర్ ఊరికే కూర్చుంటుంది.

ఇక మూడో దారి బయటి గాలిని వడకట్టి లోపలికి తోసే యంత్రం. నా ఉద్దేశంలో కొత్తగా ఇల్లు కట్టుకునేవారు ముందుగా ఆలోచించవలసింది దీని గురించే. ఎందుకంటే ప్యూరిఫయర్ ఎంత తిరిగినా కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించలేదు. తలుపులు మూసిన గదిలో ఇద్దరు నిద్రపోతే తెల్లవారేసరికి అది 1,000 పీపీఎం దాటడం మామూలే. తాజా గాలిని వడకట్టి పంపితే ఈ సమస్య తీరడమే కాక, లోపల ఒత్తిడి కాస్త పెరిగి సందుల్లోంచి దుమ్ము చొరబడటం తగ్గుతుంది. గాలి పీల్చే గొట్టం మాత్రం జనరేటర్ పొగకూ, కార్ల పార్కింగ్‌కూ దూరంగా ఉండాలి. ఇలాంటిది లేనివారు ఢిల్లీ చలికాలంలో మధ్యాహ్నం కాసేపు కిటికీలు తెరవడం మంచిది. రాత్రీ, తెల్లవారుజామునా నేలకు దగ్గరగా బిగుసుకున్న కాలుష్యం ఎండ ఎక్కాక పైకి చెదురుతుంది.

ఫిల్టర్‌కు చిక్కనివి

హెపా కణాలను ఆపుతుంది, వాయువులను కాదు. రంగుల వాసనలకూ, ఫార్మాల్డిహైడ్ వంటివాటికీ యాక్టివేటెడ్ కార్బన్ పొర కావాలి. అది కూడా కొన్నాళ్ళకు నిండిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రం ఈ రెండూ ఆపలేవు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, ‘ప్యూరిఫయర్ ఉందిగా’ అనుకోవడం ప్రాణాలకే ముప్పు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు విషయమూ అంతే. ఓజోన్‌ను విడుదల చేసే యంత్రాలను కొనకపోవడమే క్షేమం, అది ఊపిరితిత్తులను రేపే వాయువు. కుండీల్లో మొక్కలు అందంగా ఉంటాయి, పెంచుకోండి. గాలి శుద్ధికి మాత్రం వాటిమీద ఆధారపడలేం. మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాల ఫలితం గాలి మారుతుండే ఇంటికి వర్తించదు.

ఇంట్లోనే పుట్టే పొగ సంగతి కూడా ఉంది. ఒక దోమల చుట్ట కాలితే 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన పీఎం 2.5 వెలువడుతుందని 2003లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. దానికి కిటికీ జాలీలు, దోమతెర మెరుగైన జవాబు. తాలింపు పొగకు పొగను బయటికి పంపే చిమ్నీ ఉండాలి. ప్యూరిఫయర్‌ను వంటగదిలో పెడితే నూనె ఆవిరి పట్టి ఫిల్టర్ త్వరగా పాడవుతుంది.

నిర్వహణలో ముందుగా చూడవలసింది బయటి వల. దాన్ని రెండు వారాలకోసారి తీసి, దుమ్ము దులిపి, కడగడానికి వీలైనదైతే కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. హెపాను ఎప్పుడూ కడగకూడదు, తడిస్తే పోగుల అల్లిక చెడుతుంది. దుమ్ము నిండిన హెపా కణాలను వదిలేయదు, గాలిని ఆపేస్తుంది. దాంతో సీఏడీఆర్ పడిపోతుంది. విద్యుదావేశం మీద ఆధారపడే సింథటిక్ ఫిల్టర్లలో అయితే ఆ ఆవేశం కప్పుబడి, పట్టుకునే శక్తే తగ్గవచ్చు. తీరప్రాంతాల్లో వానాకాలంలో బూజు వాసన వస్తే గడువు కోసం చూడకుండా మార్చేయాలి. చాలా యంత్రాల ‘ఫిల్టర్ మార్చండి’ దీపం నడిచిన గంటలను లెక్కిస్తుందే తప్ప పట్టిన దుమ్మును కాదు. కాబట్టి బిగించిన తేదీని ఫిల్టర్ చట్రం మీదే రాసిపెట్టుకోండి. మార్చేటప్పుడు యంత్రాన్ని ఆపి, మాస్కు పెట్టుకుని, పాతదాన్ని దులపకుండా కవరులో చుట్టి చెత్తలో వేయాలి. 50 వాట్ల యంత్రం రోజంతా నడిస్తే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు అవుతుంది. ఏడాదికి కావలసిన ఫిల్టర్ల ధరతో కలిపి ఈ ఖర్చును కొనే రోజునే లెక్కలోకి తీసుకోవాలి.