పొట్లం కాగితంలో రేఖాగణితం

బాలలూ! వాన వెలిసి నల్లరేగడి బాటలో నీళ్లు నిలిస్తే మీరేం చేస్తారు? నోటుపుస్తకంలో కాగితం చించి పడవ చేసి వదులుతారు. పచారీ కొట్లో బెల్లం, బండి దగ్గర మిరపకాయ బజ్జీలు పొట్లాల్లో అందుకుంటారు. పడవకు గాని పొట్లానికి గాని కత్తెర లేదు, జిగురు లేదు. ఉన్నవన్నీ మడతలే. ఈ మడతల విద్యకు పెద్ద చరిత్రే ఉంది.

కాగితం చైనాలో పుట్టింది. అక్కడి రాజాస్థానంలో ఉద్యోగి అయిన త్సాయ్ లున్, చెట్టుబెరడు, జనపనార, గుడ్డపేలికలు, పాత చేపల వలలు దంచిన గుజ్జుతో కాగితం చేసే పద్ధతిని క్రీ.శ. 105లో చక్రవర్తికి విన్నవించాడు. 7వ శతాబ్దం నాటికి ఆ విద్య జపానుకు చేరింది. కానుకలను అందంగా మడిచిన కాగితంలో ఉంచి ఇవ్వడం అక్కడ మర్యాద అయింది. మడతలు క్రమంగా ఆటగా, కళగా పెరిగాయి. కాగితపు కొంగలు చేయడం నేర్పే పుస్తకం 1797లోనే అక్కడ అచ్చయింది. ఈ కళను ఒరిగామి అంటారు. ఆ మాటకు కాగితం మడవడం అని అర్థం.

19వ శతాబ్దంలో జర్మనీ దేశస్థుడు ఫ్రోబెల్ పసిపిల్లల కోసం కిండర్‌గార్టెన్ బడులు ప్రారంభించాడు. అక్కడి పనుల్లో కాగితం మడవడం కూడా ఒకటి. అది చూసి మన దేశంలో ఒకరికి గొప్ప ఆలోచన వచ్చింది. ఆయన టి. సుందరరావు. కాగితపు మడతలతో రేఖాగణితం నేర్పుతూ ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1893లో మద్రాసులో అచ్చయింది. నేటి గుంటూరు, ప్రకాశం ప్రాంతాలు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. జర్మనీ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని తన రచనలో ప్రస్తావించాడు. 1901లో అది అమెరికాలోని షికాగోలో మళ్లీ అచ్చయింది.

ఒకసారి మా తరగతిలో ఒక అమ్మాయి మిరపకాయ కోతలకు వెళ్లి పదిహేను రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజున 60 డిగ్రీల కోణం గీయమన్నాను. "మాస్టారూ, నాకు కంపాస్ లేదు. ఎట్టా గీయనండీ?" అంది. ఆమె పుస్తకంలో పొట్లం విప్పిన కాగితం ఒకటి కనబడింది. దాంతోనే మొదలుపెట్టాం. మీరూ చేయండి.

కాగితం పొట్టి అంచును పొడవు అంచు మీదికి సరిగ్గా వచ్చేలా మడవండి. మిగిలిన పట్టీని చించేసి విప్పితే చతురస్రం వస్తుంది. దాని అడుగంచు రెండు కొసలకు అ, ఆ అని పేర్లు పెట్టండి. అ మీదికి ఆ వచ్చేలా నిలువుగా సగానికి మడిచి విప్పండి. ఇది నడిమి గీత. ఇప్పుడు మడత అ గుండా పోతూ, ఆ మూల నడిమి గీతను తాకేలా మడవండి. తాకిన చోట ఇ అని గుర్తు పెట్టి విప్పండి. అఇ, ఆఇ గీతలు గీయండి.

మడిస్తే కాగితం సాగదు, కుంచించుకోదు. కాబట్టి అఇ పొడవు అఆ పొడవుకు సమానం. ఇ నడిమి గీత మీద ఉంది గనుక అ నుంచీ ఆ నుంచీ ఒకే దూరంలో ఉంటుంది. మూడు భుజాలూ సమానమే! సమబాహు త్రిభుజంలో ప్రతి కోణమూ 60 డిగ్రీలే. ఆ అమ్మాయి ఈ కారణాన్ని బల్ల దగ్గరికి వచ్చి తరగతికంతటికీ తానే చెప్పింది.

వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి ఏ కోణాన్నయినా మూడు సమభాగాలు చేయడం అసాధ్యం. మడతలతో అది సాధ్యమే! మడతలకున్న ఈ అదనపు శక్తిని ఇటలీ గణితవేత్త మార్గరీటా బెలోక్ 1936లో చూపింది. 2021లో అంతరిక్షానికి వెళ్లిన జేమ్స్ వెబ్ దూరదర్శినిని కూడా మడిచే రాకెట్‌లో పెట్టారు. పైకి వెళ్లాక అది విప్పుకుంది.

ఈసారి పొట్లం విప్పాక కాగితం పారేయకండి. పైన చెప్పినట్లు మడిచి చూడండి. అ గుండా పోయిన మడత గీత అడుగంచుతో ఎన్ని డిగ్రీల కోణం చేస్తుంది? కోణమానిని లేకుండానే, కారణంతో సహా చెప్పండి!