స్థానిక స్వపరిపాలన మంత్రి: ఒక పదవి, దాని పేర్లు

విరుదునగర్ బజారులోనో కోవిల్‌పట్టి బస్టాండులోనో 'స్థానిక స్వపరిపాలన' అంటే, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు కూడా ఒక క్షణం ఆగి చూస్తారు. 'ఉళ్ళాట్చి' అంటే చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. పాత తమిళ పత్రికలు తిరగవేస్తే 'స్థల స్థాపనం' అనే మూడో మాట కనిపిస్తుంది. మూడూ ఒకే వ్యవహారానికి చెందినవి: ఊరి వీధి, దీపం, మంచినీరు, బడి, సంత. ఈ వ్యవహారానికి మద్రాసులో ఒక మంత్రి ఎప్పుడు ఏర్పడ్డాడు, అతని బలం దేనిలో ఉండేది అన్నదే ఇక్కడ చెప్పదలచినది.

1882లో రిపన్ ప్రభువు తీర్మానం, దాని వెంట 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చాయి. అప్పటికి బోర్డులున్నాయి గాని మంత్రి లేడు. 1919 చట్టంతో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. పోలీసు, భూమిశిస్తు, ఆర్థిక శాఖలను గవర్నరు తన కార్యనిర్వాహక సభ్యుల దగ్గరే ఉంచుకున్నాడు. విద్య, ఆరోగ్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రులకు వదిలాడు. 1920 డిసెంబరులో ప్రమాణం చేసిన ముగ్గురు మంత్రులలో ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ మొదటి మంత్రి. కూర్మా వెంకటరెడ్డి నాయుడు అభివృద్ధి శాఖ తీసుకున్నారు. స్థానిక స్వపరిపాలన పానగంటి రామరాయణింగారికి వచ్చింది. పానగల్ రాజాగా ప్రసిద్ధుడు ఈయనే. 1921లో రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోగా పానగల్ మొదటి మంత్రి అయ్యారు. అయినా ఈ శాఖను మాత్రం వదులుకోలేదు. 1930లో మొదటి మంత్రి అయిన మునుస్వామి నాయుడు, 1932లో ఆయన స్థానంలో వచ్చిన బొబ్బిలి రాజా కూడా దీనిని తమ చేతిలోనే ఉంచుకున్నారు. ముగ్గురూ తెలుగువారే.

ఎందుకింత మమకారం? కారణం నియామకం. జిల్లా బోర్డులలో, తాలూకా బోర్డులలో, మునిసిపాలిటీలలో ఎన్నికైనవారితో పాటు ప్రభుత్వం నియమించినవారూ కూర్చునేవారు. రోడ్డు కంట్రాక్టు ఎవరికి, బోర్డు బడిలో ఉపాధ్యాయుడెవరు, సంత రుసుం ఎవరు వసూలు చేయాలి అన్న ప్రశ్నలు ఆ బల్లల దగ్గరే తేలేవి. మంత్రికి పోలీసు మీద అధికారం లేదు, శిస్తు మీద లేదు. కాని ఒక సంతకంతో ప్రతి తాలూకాలోనూ తనవాడిని కూర్చోబెట్టగలడు. గ్రామ మునసబు, కరణం మాత్రం అతని కిందివారు కారు. వారిది రెవెన్యూ శాఖ. విద్యార్థులు తరచు ఈ రెంటినీ కలిపేస్తారు గనుక చెబుతున్నాను.

విరుదుపట్టి పేరు విరుదునగర్‌గా మారిన 1923లో ఆ సంతకం పానగల్‌ది. అదే ఏడాది నవంబరులో ఆయన మంత్రివర్గంపై శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. తెచ్చినవాడు పరాయివాడు కాడు: 'కవిత్వతత్త్వ విచారము' రాసిన కట్టమంచి రామలింగారెడ్డి. తీర్మానానికి అనుకూలంగా 44 ఓట్లు, ప్రతికూలంగా 65 వచ్చాయి. మన సాహిత్య పాఠాలలో కట్టమంచివారి ఈ ముఖం కనిపించదు. పదవిలో ఉన్నది తెలుగువారు, నిలదీసింది తెలుగువాడు. అందుచేత ఈ చరిత్రను 'మనవాళ్ళ ఘనత' కింద జమకట్టడం నాకు సమ్మతం కాదు.

1930లో, సుబ్బరాయన్ మంత్రివర్గ కాలంలో, లోకల్ బోర్డుల చట్టాన్ని సవరించి నియామక పద్ధతిని ఎత్తివేశారు. 1934లో బొబ్బిలి రాజా ప్రభుత్వం తాలూకా బోర్డులనే రద్దు చేసింది. ఊరికీ జిల్లాకూ మధ్య నిచ్చెనలో ఒక మెట్టు పోయిందన్నమాట. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ఈ శాఖ శాంతినికేతన్‌లో చదివిన ముప్పై ఏళ్ళ బెజవాడ గోపాలరెడ్డికి వచ్చింది. శాఖ పేరు అప్పుడు 'స్థానిక పరిపాలన'. 'స్వ' జారిపోయింది! రాష్ట్రమంతా స్వపరిపాలనే అయినప్పుడు ఊరికి వేరే 'స్వ' ఎందుకనుకున్నారేమో. భాషాశాస్త్రం చదివినవాడిగా ఆ ఒక్క అక్షరం లోపించడం నాకు చిన్న విషయంగా తోచదు.

నియామకం పోయిన ఫలితం 1941లో విరుదునగర్‌లోనే కనిపించింది. వేలూరు జైలులో ఉన్న కామరాజును మునిసిపాలిటీ అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ప్రభుత్వ నియామకాలతో నిండిన బల్ల అటువంటి సాహసం చేసేదా? విడుదలై వచ్చాక ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చారు, అది వేరే సంగతి.

తరువాతి రెండు చట్టాలు మన ప్రాంతానికి దగ్గరివి. 1950 మద్రాసు గ్రామ పంచాయతీల చట్టం వచ్చినప్పుడు ముఖ్యమంత్రి రాజపాళయానికి చెందిన పి. ఎస్. కుమారస్వామి రాజా. ఆయన ఇంటి భాష తెలుగే. 1958 చట్టం కామరాజు ప్రభుత్వానిది. అది జిల్లా బోర్డులను తీసివేసి పంచాయతీ యూనియన్లను నిలబెట్టింది. జిల్లా స్థాయిలో ఎన్నికైన బోర్డు స్థానంలోకి కలెక్టరు అధ్యక్షత వహించే అభివృద్ధి మండలి వచ్చింది. పోయిన నియామకాధికారం మరో తలుపు గుండా తిరిగి వచ్చిందని నా అనుమానం. ఎన్నికలు వాయిదా వేయగలిగిన ప్రభుత్వానికి నియామకాలతో పనేముంది? తమిళనాడులో 1970 తరువాత పంచాయతీ ఎన్నికలు 1986లో, ఆ తరువాత 1996లో జరిగాయి. 1992 రాజ్యాంగ సవరణలు, 1994 రాష్ట్ర చట్టం, వేరుగా ఒక ఎన్నికల కమిషన్ వచ్చాక కూడా 2016లో జరగవలసిన గ్రామీణ ఎన్నికలు 2019 డిసెంబరు దాకా జరగలేదు. ఆ మూడేళ్ళూ పంచాయతీలను నడిపింది ప్రత్యేకాధికారులు.

2006 నుంచి 2011 వరకు ఎం. కె. స్టాలిన్ నగరపాలన, గ్రామాభివృద్ధి రెండూ కలిపి చూశారు. 2021లో ఆ రెంటినీ ఇద్దరు మంత్రులకు పంచారు. జనం నోట మాత్రం ఇద్దరిదీ 'ఉళ్ళాట్చి' శాఖే.

చెన్నైలో గ్రామాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖ కార్యాలయం సైదాపేటలో ఉంది. ఆ భవనం పేరు పానగల్ మాళిగై. తమిళంలో మొదటి దీర్ఘం పోయి 'పనగల్' అయింది. బస్సు కండక్టరు ఆ మాటే అంటాడు.