కాదనవలసిన కొలువు

ఒక వ్యాపారసంస్థ తన కొనుగోలుదారులను గూర్చి యెఱిగిన విషయములలో అధికభాగము చిరకాలము విక్రయోద్యోగుల జేబుడైరీలయందును, వారి జ్ఞాపకములయందును మాత్రమే నిలిచియుండెడిది. ఆ యుద్యోగి మానుకొనిపోయిన నాడు, ఏ డీలరునకు ఎంత డిస్కౌంటు ఒప్పుకొనియుండెనో, ఏ ఆసుపత్రివారు తమ పాతయంత్రమును ఎప్పుడు మార్పదలచియుండిరో, ఆ సమాచారమంతయు అతనివెంటనే గుమ్మము దాటిపోయెడిది. ఈ నష్టమును నివారించుటకై పుట్టిన సాఫ్ట్‌వేరునకే సి.ఆర్.ఎం. అని వాడుక. 1993లో అమెరికాలో స్థాపితమైన సీబెల్ సంస్థ దానిని పెద్ద కంపెనీల సొంత కంప్యూటర్లలో నెలకొల్పుచుండగా, 1999లో మార్క్ బెనియాఫ్ మఱి ముగ్గురు సహచరులతో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆరంభించిన సేల్స్‌ఫోర్స్, సర్వర్లు కొననక్కఱలేదు, బ్రౌజరు తెఱచిన చాలునను పద్ధతిని లోకమున వ్యాపింపజేసెను. 2004లో ఆ సంస్థ వాటాలు న్యూయార్కు స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైనప్పుడు దాని సంకేతాక్షరములు సి.ఆర్.ఎం. అనియే.

మన హైదరాబాదునందు ఆ సంస్థకు పెద్ద కార్యాలయము కలదు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల సేల్స్‌ఫోర్స్ అడ్మిన్ కోర్సు ప్రకటనలు చూడనివారు అరుదు; ఆ మెట్లెక్కి దిగిన వారెందఱో నేడు డల్లాసులోను న్యూజెర్సీలోను అదే కొలువున, అనగా సంస్థ అవసరములకు తగినట్లు సి.ఆర్.ఎం.ను అమర్చి కాపాడు పనిలో, నున్నారు. క్రొత్త ఫీల్డును, అనగా వివరము నింపు గడిని, సృష్టించుట యెట్లో, రిపోర్టు నిర్మించుట యెట్లో రెండుమూడు నెలలలో ఎవరైనను నేర్వవచ్చును. సృష్టింపక మానవలసిన దెప్పుడో తెలియుటకు మాత్రము కొన్ని సంవత్సరములు పట్టును. నా యభిప్రాయమున నీ యుద్యోగములో సగముపాలు విద్య అదియే.

ఏలయనగా అడ్మిన్ కుర్చీవద్దకు ప్రతిశాఖయు ఒక్కొక్క కోరికతో వచ్చును. మార్కెటింగువారికి కొనుగోలుదారుని జన్మదినము కావలయును, ఫైనాన్సువారికి జి.ఎస్.టి. సంఖ్య కావలయును, మేనేజరుగారికి పోటీకంపెనీ పేరు తప్పనిసరిగా నింపవలసిన గడియై యుండవలయును. ఒక్కొక్కటి న్యాయమైన కోరికయే, గడిని చేర్చుట ఐదునిమిషముల పనియే. కాని యిట్టి న్యాయమైన కోరికలు నూఱు పోగుపడిన పిదప, ఎండలో నాలుగు దుకాణములు తిరిగి, బస్సులో కిటికీప్రక్క కూర్చుండి, ఫోనులో ఆనాటి వివరము లెక్కింపబూనిన ఉద్యోగి, ఒక గడిలో చుక్కయు, ఒక గడిలో ఎన్.ఏ. అనియు, ఫోను నంబరుండవలసిన చోట పది తొమ్మిదులును వేసి, సేవ్ నొక్కి చేతులు దులుపుకొనును. అతనిని నిందించుట తగదు. ఖాళీగడి రిపోర్టులో ఖాళీగానే కనబడును. అబద్ధపు గడి లెక్కలో కలిసిపోయి, నిజముతో సమానముగా డైరెక్టర్ల యెదుట గ్రాఫై నిలుచును. కావున గడి నడుగవచ్చినవారిని, "దీనిలో పడు సమాచారమును చూచి మీరు ఏ నిర్ణయమును మార్చుకొందురు?" అని యడుగవలయును. జవాబు రానిచో గడియు రాకూడదు. జవాబు వచ్చినను, లీడు, అనగా కొనవచ్చునను ఆశగల వ్యక్తి, నమోదైన తొలినాడే దానిని నిర్బంధింపక, బేరము కొటేషను దశకు చేరిన పిమ్మటనే తప్పనిసరి యగునట్లు వాలిడేషన్ రూలు వ్రాయుట మేలు. అప్పటికి ఆ వివరము విక్రేతకు సహజముగనే తెలిసియుండును.

ఇక పేర్ల సంగతి. సేల్స్‌ఫోర్సులో ఒక వ్యక్తిని కాంటాక్టుగా చేర్చునపుడు లాస్ట్ నేమ్ ఉండితీరవలయును; ఫస్ట్ నేమ్ లేకున్నను నడచును. ఇంటిపేరు ముందును పెట్టినపేరు వెనుకను వ్రాసికొనుచు, ఆ యింటిపేరునైనను ఒక్క పొడియక్షరమునకు కుదించుకొను మన దేశమున ఈ నియమము చేయు చిత్రము లింతింత గావు. ఒక యుద్యోగి ఆ పొడియక్షరమునే లాస్ట్ నేముగా నెక్కించును. ఒకడు వెంకటేశ్వరరావులోని రావును విడదీసి వ్రాయును. మఱియొకడు వెంకటేశ్వరరావును మొత్తముగా నొకే గడిలోనికి త్రోయును. నాలుగవవాడు వకారమునకు వి బదులు డబ్ల్యు వేయును. ఇట్లు ఒక్క మనుష్యుడు నలుగురైపోగా, ఆ నలుగురికిని నలుగురు విక్రేతలు ఫోను చేసి నాలుగు ధరలు చెప్పుదురు. ఆ పెద్దమనిషి వానిలో తక్కువదానిని ఎన్నుకొనును, తప్పేమున్నది?

దీనికి ప్రతీకారము మొదటినాడే చేయవలయును. ఏ భాగము ఏ గడిలో వ్రాయవలయునో ఒక్కపుటలో నిర్ణయించి యందఱికి పంచవలయును. ఒకే మనిషి రెండుమాఱు లెక్కుచున్నాడో లేదో పసిగట్టు మ్యాచింగ్ రూలును పేరుమీద గాక మొబైలు నంబరుమీద నిలుపవలయును. ఎక్సెల్ నుండి పాతజాబితాలను ఎక్కించుటకు ముందే ప్లస్ తొంబదియొకటిని, మొదటి సున్నను, నడిమి ఖాళీలను తొలగించి అన్నిటిని పది అంకెలకు తేవలయును. అయినను ఒకే దుకాణమున తండ్రికొడుకు లిద్దఱును ఒకే నంబరిచ్చుట మనకు క్రొత్తగాదు గనుక, డూప్లికేట్ రూలు ఆ రెండవ రికార్డును బొత్తిగా అడ్డగింపక, హెచ్చరించి విడుచునట్లు అమర్చుట లౌకికము.

ఎవరు ఏది చూడవచ్చును, ఎవరు ఏది మార్పవచ్చును అనునది ఇంకను గంభీరమైన విషయము. తలుపులన్నియు మొదట మూసి, అవసరమైనవానిని మాత్రమే తెఱచుకొనుచు పోవుట ఇచ్చటి సూత్రము: సంస్థ మొత్తమునకు వర్తించు మూలనియమమును ప్రైవేటుగా నుంచి, పైయధికారికి క్రిందివారి రికార్డులు రోల్ సోపానముచేతను, ప్రక్కశాఖవారికి షేరింగ్ రూళ్లచేతను, విశేషాధికారములు పర్మిషన్ సెట్లచేతను కలుగజేయవలయును. డైరెక్టరుగారు గౌరవార్థము సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ప్రొఫైలును కోరుట తఱచు జరుగు ముచ్చట. వారికి చూచు అధికారము సంపూర్ణముగా నీయవచ్చును. చెఱిపివేయు అధికారముతో వారికేమి పని?

అధికారములు హద్దు మీఱిన నేమగునో ఒక సంఘటన చూపును. 2019 మే 17వ తేదీన, పార్డాట్ అను తన మార్కెటింగ్ ఉత్పత్తిని వాడుచున్న, లేదా పూర్వము వాడిన సంస్థల డేటాబేసులపై సేల్స్‌ఫోర్స్‌వారే నడపిన ఒక స్క్రిప్టు, సామాన్యోద్యోగులకు సైతము ఉండవలసినదానికంటె విస్తారమైన అధికారములను ప్రసాదించెను. దానిని నిలుపుటకై ఆ కంపెనీ తన సేవలనే కొంతకాలము మూసివేయవలసివచ్చెను. అటుపిమ్మట ప్రొఫైళ్లను యథాస్థితికి తెచ్చుకొనుటలో, తమ అమరికల ప్రతి సాండ్‌బాక్సు అను పరీక్షార్థపు నకలువ్యవస్థలో నున్నవారు దానినుండి మరల నెక్కించుకొనగలిగిరి, లేనివారు చేతితో ఒక్కొక్క గుర్తును సరిచేసికొనవలసినవారైరి.

ఇక బయటి దొంగల సంగతి. 2022 ఫిబ్రవరి 1 నుండి పాస్‌వర్డుతోపాటు రెండవ ధ్రువీకరణము సేల్స్‌ఫోర్స్ వాడువారందఱికి విధియైనది. కాని దొంగలు తాళమును విడిచి తాళముచెవి గలవానినే పట్టుకొందురు. 2025లో గూగుల్ భద్రతావిభాగము వెల్లడించిన పద్ధతి ఇట్టిదే: మోసగాడు ఐ.టి. సహాయకేంద్రమువాడనని ఉద్యోగికి ఫోను చేసి, తీయని మాటలతో ఒక పుటను తెఱిపించి, డేటాను మూటగా ఎక్కించి దింపు డేటా లోడర్ అను సాధనపు వేషము ధరించిన యొక అప్లికేషనుకు ఆ యుద్యోగిచేతనే అనుమతి నిప్పించి, కొనుగోలుదారుల జాబితాను తోడుకొనిపోవును. ఆ వివరములను ప్రకటించిన గూగుల్‌వారి సొంత సేల్స్‌ఫోర్స్ జాబితాయే ఒకటి ఆ యేడు ఇట్టి దాడికి గురియయ్యెను. కావున తాను ఆమోదించిన అప్లికేషన్లు దప్ప అన్యములకు ప్రవేశము లేకుండునట్లును, అప్లికేషన్లు డేటాను అందుకొను మార్గమగు ఏ.పి.ఐ. వాడుక అవసరములేని ఉద్యోగులకు ఆ యనుమతియే యుండకుండునట్లును అడ్మిన్ చూచుకొనవలయును. ఉద్యోగము మానువాని లాగిన్‌ను మొట్టమొదట ఫ్రీజ్ చేసి, తరువాత నెమ్మదిగా వాని ఖాతాలను, బేరములను, వాని పేర నడచు రిపోర్టులను ఇతరులకు బదలాయించి, తుదకు డియాక్టివేట్ చేయవలయును.

మార్పు లేవియైనను ముందు సాండ్‌బాక్సులోనే. సేల్స్‌ఫోర్స్ ఏటేట మూడు విడుదలలు చేయును. అవి అసలు వ్యవస్థకు వచ్చుటకు కొన్ని వారముల ముందే ప్రివ్యూ సాండ్‌బాక్సులలో చూడవచ్చును. డేటా మూటలను ఎక్కించువేళ ఎక్సెల్ చేయు ఒక మాయను గూర్చి చెప్పక తప్పదు. ప్రతి రికార్డునకు 15 అక్షరముల గుర్తింపు కలదు; అందు పెద్ద ఎ వేఱు, చిన్న ఎ వేఱు. ఎక్సెల్‌లోని వీలుకప్ అను వెదకు సూత్రము ఈ భేదము నెఱుగదు గనుక, ఒక డీలరు బాకీని నిశ్శబ్దముగా వేఱొక డీలరు వరుసలో చేర్చును. అందుకనియే 18 అక్షరముల గుర్తింపును వాడవలయును. పొరబాటున చెఱిపిన రికార్డులు రీసైకిల్ బిన్‌లో 15 దినములు మాత్రమే యుండును. కొన్న ఎడిషన్‌ను బట్టి వారమునకో నెలకో లభించు ఎగుమతిని దింపుకొని వేఱొకచోట భద్రపఱచుకొనుట అడ్మిన్ పనియే.

పూర్వము గ్రామకరణముల దస్త్రములు కరణమునకు దప్ప అన్యులకు దుర్బోధములై యుండెడివి. వారి పలుకుబడిలో కొంత ఆ దుర్బోధత్వమునందే యుండెడిది. అడ్మిన్‌లలోను ఈ ప్రలోభమునకు లోబడినవారు లేకపోలేదు. ఎవరు ఏ అమరిక మార్చిరో సెటప్ ఆడిట్ ట్రయల్ 180 దినములు చెప్పును. ఎందులకు మార్చిరో అది ఎన్నడును చెప్పదు. ప్రతి ఫీల్డునకు, తనంతట నడచు ప్రతి ఫ్లోకు డిస్క్రిప్షన్ అను చిన్నగడి యున్నది. కోరినవారెవరో, కారణమేమో, ఏ తేదీనాటిదో అందు రెండువాక్యములు వ్రాసినచో, తరువాత వచ్చు అడ్మిన్ దానిని తొలగించుటకు భయపడవలసిన యవస్థ తప్పును.

ఇన్నియు చేసినను, సోమవారపు సమీక్షాసమావేశములో పైయధికారి, "ఆ ఎక్సెల్ షీటు పంపుము" అని యడుగుచున్నంతకాలము విక్రేతలు సి.ఆర్.ఎం.లో శ్రద్ధగా వ్రాయరు. కావున ఆ సమావేశమునకు ముందే అధికారిగారిని కలిసికొని, ఆనాటి ప్రశ్నలన్నియు డ్యాష్‌బోర్డునుండియే అడుగుటకును, అందు కనబడని బేరమును చర్చింపకుండుటకును ఒప్పించుకొనవలయును. డ్యాష్‌బోర్డులో వారికి నిజముగా కావలసిన పటములు నాలుగో ఐదో యుండును; మిగిలినవానిని అదేదినము తీసివేయవచ్చును.